తొంభై ఆరు గడులు

అత్తను రెండు గంటలకొకసారి ఒత్తిగిల్లించాలి. ఎడమ పక్క నుంచి వెల్లకిలా, వెల్లకిలా నుంచి కుడి పక్కకు. తిప్పిన ప్రతిసారీ మడమలు, తుంటి, నడుము కింద ఎముక తేలిన చోటు చూడాలి. ఎర్రబడి ఉంటే వేలితో నొక్కాలి. నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు. తెల్లబడకపోతే నర్సు ఫిలోమిన సిస్టర్‌కు ఫోన్ చేయాలి. ఆ సోమవారం పొద్దున నేను ఆ పనిలో ఉండగా మరిది సుగుణన్ గుమ్మంలో నిలబడి కాగితాల కట్ట ఊపాడు.

"వదినా, ఇవి నీకట. తిరువనంతపురం వాళ్ళు పంపారు. ఏడు రోజులు, ఏ పూట ఏం చేశావో గడుల్లో నింపాలట. ఎలాగూ ఇంట్లో కూర్చునేదానివే కదా, నింపి పెట్టు."

బల్ల మీద పెట్టమన్నాను. నా ఎడమ చేయి అత్త నడుము కింద ఉంది. అతను చూస్తుండగా ఆ చేయి బయటికి తీయడం నాకిష్టం లేదు. మూడు నెలలుగా ఆ చేయి నా మాట వినడం లేదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది, ఉన్నట్టుండి వేళ్ళు విప్పుకుంటాయి. మొదటిసారి గంజి గిన్నె పోయింది, రెండోసారి దీపం సెమ్మె. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే బావి దగ్గర నిండు బకెట్ ఎడమ చేత్తో ఎత్తి వంటింటి మెట్టు దాకా తెస్తున్నాను. మెట్టు దాకా నిలిస్తే ఆ రోజు గండం గడిచినట్టే అనుకుంటాను. నిలవని రోజున నీళ్ళు ఎవరి కంటా పడకముందే చీపురుతో ఊడ్చేస్తాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారని కాదు, చెబితే ఏమవుతుందో తెలుసు గనక చెప్పలేదు. నా భర్త దివాకరన్ పోయిన పదహారో రోజున పెద్దలంతా ముంగిట్లో కూర్చుని ఉండగా సుగుణన్ అన్నాడు, "వదిన ఎక్కడికీ పోనక్కరలేదు. అమ్మను చూసుకుంటూ ఇక్కడే ఉంటుంది, అమ్మ ఉన్నన్నాళ్ళూ." అందరూ మంచి మాట అన్నాడన్నారు. నాకు మాత్రం చివరి ముక్కే చెవిలో ఉండిపోయింది. ఇల్లు అత్త పేరు మీద ఉంది. నాకు పిల్లల్లేరు. సుగుణన్, అతని భార్య లతిక పక్కనే కట్టుకున్న డాబాలో ఉంటారు. అత్తను ఎత్తలేని మనిషిగా నేను ఈ ఇంట్లో ఏమవుతానన్నది దివాకరన్ పోయిన ఈ పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

నాలుగేళ్ళ కిందట అత్తకు పక్షవాతం వచ్చింది. ఎడమ సగం పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, నాకు అర్థమవుతుంది. మొదటి రెండేళ్ళూ ఆటోల్లోనే గడిచాయి. మూత్రం గొట్టం మూసుకుపోతే ఆటో, జ్వరం వస్తే ఆటో, ఒక ఆసుపత్రిలో గొట్టం మారిస్తే మందులకు ఇంకో చోటికి. నడుము మీద పుండు పడింది, లోపల ఎముక కనిపించింది. పుండు వాసనకు లతిక గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఆ తర్వాత పంచాయతీ వాళ్ళు వాన్ మొదలుపెట్టారు. 'గడప వైద్యం' అని పేరు. నర్సు, నెలకొకసారి డాక్టరు, వ్యాయామం చేయించే అబ్బాయి, మందులు, నీళ్ళ పరుపు, అన్నీ ఆ వాన్‌లోనే వస్తాయి. పెద్దాసుపత్రిలో ఏం రాశారో కూడా సిస్టర్ ఫోన్‌లో కనిపిస్తుంది. ఎనిమిది నెలలకు పుండు మూసుకుంది. వాన్ వచ్చే మంగళవారం నాడు నేను ఉతికిన చీర కట్టుకునేదాన్ని. ఒక మనిషి నా గుమ్మంలోకి వచ్చి, "చేచ్చీ, ఎలా ఉన్నారు?" అని అక్కను పిలిచినట్టు పిలిచి అడిగే రోజు అది. బాగున్నానని చెప్పేదాన్ని.

ఇప్పుడా వాన్‌కు రెండేళ్ళు నిండాయి. ఉంచాలో తీసేయాలో తేల్చడానికి తిరువనంతపురం వాళ్ళు లెక్క వేస్తారట, ఆ గడుల కాగితాలు అందుకే.

ఆ మధ్యాహ్నం అంగన్‌వాడీలో మమ్మల్నందరినీ పిలిచారు. అత్త దగ్గర అరగంట కూర్చోమని లతికను బతిమాలి వెళ్ళాను. మా వార్డులో వాన్ వెళ్ళే ఇళ్ళు ముప్పై ఏడు. వచ్చిన వాళ్ళలో ఒక్క మగవాడు లేడు, మాట్లాడే శశాంకన్ సార్ తప్ప. ఆయన రిటైరైన గుమాస్తా, ఆరోగ్య కమిటీ పెద్ద. వాన్ తెప్పించడానికి జిల్లా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకు కూర్చున్నాం.

"జాగ్రత్తగా వినండి," అన్నాడాయన. "రోగిని ఆసుపత్రిలో ఉంచితే ఎంతవుతుంది, ఇంట్లో వాన్ పంపితే ఎంతవుతుంది అని వాళ్ళు చూస్తారు. ఇల్లే చౌక అని తేలితే వాన్ ఉంటుంది. మీరు పది గంటలు చాకిరీ చేశాం, పన్నెండు గంటలు చేశాం అని నింపారనుకోండి, దానికి కూలి కట్టి ఖర్చులో కలుపుతారు. అప్పుడు ఆసుపత్రే నయం అంటారు. కాబట్టి రోజుకు రెండు గంటలు. అంతకు మించి ఒక్క గడి కూడా నింపొద్దు."

విలాసిని చేయెత్తింది. ఆమె భర్త కొబ్బరి చెట్టు మీద నుంచి పడి ఆరేళ్ళుగా మంచంలో ఉన్నాడు. "సార్, నా మొగుడు ముప్పై ఏళ్ళలో నా పనికి కూలి కట్టలేదు. ఎవరో ఊరుగాని ఊరు నుంచి వచ్చి కడతామంటే మీరెందుకు సార్ అడ్డం? ఎంతొస్తుందో ఒక్కసారి కళ్ళారా చూసుకోనీయండి!"

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూసుకో అమ్మా విలాసినీ. చూసుకున్నాక నీ మొగుణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి మొయ్యి," అన్నాడు. నవ్వు ఆగిపోయింది. మా అందరికీ ఆ ఆటోలు, ఆ వాసనలు గుర్తొచ్చాయి. ఇళ్ళకు వెళుతుంటే విలాసిని నా పక్కన నడుస్తూ, "రెండంటే రెండే అక్కా. వాన్ లేకపోతే నేను కాలవలో దూకాలి," అంది. ఆ మాట ఆమె సరదాకు అనలేదు.

యాభై నాలుగో ఏట గ్రంథాలయం గదిలో ఆదివారాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. రాయడమంటే ఇప్పటికీ నాకు పండుగలాంటిదే. మంగళవారం పొద్దున పెన్సిల్ చెక్కి మొదటి కాగితం ముందు పెట్టుకున్నాను. గంటకు నాలుగు గడులు, రోజుకు తొంభై ఆరు. పని చేసిన గడి నల్లగా నింపాలి. శశాంకన్ సార్ చెప్పిన అబద్ధం రాయాలా అని రాత్రంతా మథనపడ్డాను గానీ, రోజు ముగిసి చూస్తే అబద్ధం అవసరమే రాలేదు. నిజంగానే తొమ్మిది గడులు. రెండుంపావు గంటలు. బుధవారం కూడా అంతే. అంతేనా అని నాకే ఆశ్చర్యమేసింది. అంతకే నేనిలా అలిసిపోతున్నానా? దివాకరన్ అనేవాడు, "నీడపట్టున ఉండే మనిషివి, అలిసిపోయానంటే వినేవాళ్ళు నవ్వుతారే" అని. అతని మాటే నిజమేమో అనుకున్నాను.

నేను ఎలా లెక్కపెట్టానో చెప్పాలి. మేమంతా కొబ్బరి పీచు పనిలో పెరిగిన వాళ్ళం. కొబ్బరి డొక్కలు నెలల తరబడి బురదనీళ్ళలో నానుతాయి. పీకల్లోతు దిగి వాటిని పైకి తీయాలి, తోలు ఒలవాలి, కర్రతో బాదాలి, ఆరబెట్టాలి, వాన వస్తే మళ్ళీ ఎత్తాలి, పీచు విడదీయాలి, రాట్నం తిప్పే మనిషి వచ్చేదాకా కాచుకోవాలి. వీటిలో ఏదీ పని కాదు. తాడు పేని కట్ట కట్టి మేస్త్రీ ముందు పడేస్తేనే పని. మా అమ్మ అలాగే లెక్కపెట్టింది, అత్త అలాగే లెక్కపెట్టింది, తొమ్మిదో ఏట నుంచి నేనూ అలాగే. కాబట్టి ఆ కాగితం మీద కూడా అత్త ఒంటి మీద నా రెండు చేతులూ ఉన్న గడులే నింపాను. నీళ్ళు కాచడం, కాచిన నీళ్ళు చల్లారేదాకా ఉండటం, పక్కబట్టలు ఉతకడం, గంజిని గుడ్డలో వడకట్టడం, ఆమె మింగేదాకా గొంతు వైపు చూస్తూ కూర్చోవడం, ఇవి కట్టకు ముందు జరిగే పనులు. వాటిని ఎవరు లెక్కపెడతారు?

గురువారం పదకొండు గంటలకు అత్తను పడేశాను.

స్నానానికి మంచం మీద నుంచి కుర్చీలోకి మారుస్తున్నాను. ఆ పొద్దున బకెట్ మెట్టు దాకా వచ్చింది, అందుకని ధైర్యంగా ఉన్నాను. ఆమె కుడి చేయి నా మెడ చుట్టూ ఉంది. నా రెండు చేతులూ ఆమె నడుము వెనక ముడివేసి ఉన్నాయి. లేపాను, తిప్పాను, కుర్చీ జానెడు దూరంలో ఉందనగా ఆ ముడి ఊడిపోయింది. ఊడిపోయినట్టు నాకు తెలియలేదు కూడా. ఆమె బరువు ఒక్కసారిగా తేలికైపోయింది, అంతే. మంచం కోడుకు తుంటి తగిలి నేల మీదికి జారింది. నేనూ ఆమెతో పాటే పడ్డాను.

అరవడానికి నోరు తెరిచాను. అత్త కుడి చేత్తో నా నోరు మూసింది.

"పిలవకు," అంది. ముద్దమాట, కానీ ఒక్క అక్షరం పోలేదు.

"దెబ్బ తగిలిందా అమ్మా? ఎక్కడ?"

"పిలవకు అంటున్నా. లతిక చూస్తే వాడికి చెబుతుంది. వాడు నన్ను ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేస్తాడు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నిన్నెక్కడ పడేస్తాడో మరి. నీకు ఆశ్రమం కూడా లేదు, ఇంకా ముసలిదానివి కాలేదు."

ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇద్దరం నేల మీద అలాగే ఉండిపోయాం. ఆమె తల నా ఒళ్ళో ఉంది. ఎత్తడానికి చేయి రాదు. పిలవడానికి నోరు రాదు. పక్క డాబాలో లతిక టీవీ చూస్తోంది, అందులో ఎవరో పెళ్ళికి పాట పాడుతున్నారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈమె నేను పేనిన తాడును మూరలు వేసి కొలిచేది, పలచగా ఉన్న చోట పుటుక్కున తెంపి నా ఒళ్ళోకి విసిరేది. "ఈ చేతులకు ఎవరు పీచు ఇచ్చారే" అనేది. ఇప్పుడా చేతుల్లోనే ఉంది. ఆమె గుండె నా తొడ మీద పిచ్చుక గుండెలా కొట్టుకుంటుంటే, నా భయమే ఆమెకూ ఉందని మొదటిసారి అర్థమైంది. ముప్పై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే మనిషికి భయపడ్డాం.

పరుపు కిందికి లాగి, దాని మీదికి ఆమెను దొర్లించి, పీట మీదికి, పీట నుంచి మంచం అంచుకు, కొంచెం కొంచెంగా ఎక్కించాను. గడియారం చూస్తే ముప్పావు గంట పట్టింది. ఆ సాయంత్రం కాగితం తీసి ఆ మూడు గడుల దగ్గర ఆగిపోయాను. నింపాలా వద్దా? ఏ పనీ జరగలేదు. ఉన్నచోటి నుంచి ఉన్నచోటికే చేర్చాను. కట్ట కట్టలేదు. కానీ ఆ ముప్పావు గంట నేను ఎక్కడ ఉన్నాను? ఊరికే కూర్చున్నానా?

ఆ మూడు గడులూ నింపాను. పెన్సిల్ ఆగలేదు. దాని ముందున్న గడిలో నీళ్ళు కాచాను కదా, అదీ నింపాను. తర్వాతి గడిలో దెబ్బ తగిలిన చోట తడిగుడ్డ వేసి కూర్చున్నాను, అదీ. ఆమె నిద్రపోతుంటే తలుపు తీసి ఉంచి స్నానం చేశాను, చెంబు చప్పుడు కాకుండా, చెవి ఇటే పెట్టి. అదీ నింపాను. రాత్రి నా మణికట్టుకూ ఆమె మణికట్టుకూ మధ్య చీర పేలిక కట్టుకుని పడుకుంటాను, ఆమె కదిలితే నాకు తెలియాలని. ఆ గడుల దగ్గర చాలాసేపు ఆలోచించాను. నింపాను. శుక్ర, శని, ఆది, మూడు రోజులూ అలాగే రాశాను. ఆదివారం కాగితంలో తెల్లగా మిగిలిన గడులు ఎనిమిది. రేషన్ షాపుకు పోయి వచ్చిన ఆరు, గుమ్మంలో విలాసినితో మాట్లాడిన రెండు. చూస్తుంటే భయమేసింది. నల్లటి కాగితం. అందులో నేనెక్కడా కనిపించడం లేదు.

సోమవారం సాయంత్రం సుగుణన్ వచ్చి కాగితాలు ఇవ్వమన్నాడు. శశాంకన్ సార్ ఒకసారి చూడమన్నాడట. చూస్తూ చూస్తూ బల్ల అంచున కూర్చున్నాడు.

"ఇదేంటి వదినా? నిద్రపోయింది కూడా పనేనా? అయితే నేనూ రోజూ ఏడు గంటలు పని చేస్తున్నా, నాకూ జీతం ఇమ్మను!"

నేను అత్త దుప్పటి సర్దాను.

"సార్ అంత విడమరిచి చెప్పాడు కదా. వార్డంతా రెండు గంటలు రాసింది. నువ్వొక్కదానివి ఇలా రాస్తే ఏమనుకుంటారు? అమ్మ అంత బరువైపోయిందా నీకు?" కాగితం తిప్పాడు. "నీకు చేతకాకపోతే చెప్పు. ఆశ్రమం వాళ్ళతో మాట్లాడతాను. ఈ ఇల్లు అమ్మితే వాళ్ళకు కట్టడానికి సరిపోతుంది. నేనేమీ కోపంగా అనడం లేదు, ఉన్న మాట చెబుతున్నా."

నిజంగానే కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకింత భయం వేసేది కాదు. లతిక దగ్గరి నుంచి రబ్బరు తెప్పించి నా ఎదురుగా కూర్చుని చెరిపాడు. గురువారం నుంచి మొదలుపెట్టాడు. చెరిపిన పొడిని మధ్య మధ్య ఊదుతూ, రోజుకు ఎనిమిదేసి గడులు ఉంచి మిగతావి తుడిచేశాడు. గురువారం పదకొండు గంటల దగ్గర ఆ మూడు గడులూ పోయాయి. మంచంలో అత్త మేలుకునే ఉంది. పైకప్పు వైపు చూస్తోంది.

మంగళవారం వాన్ వచ్చింది. ఫిలోమిన సిస్టర్ వెంట లెక్క వేసే తిరువనంతపురం పిల్ల దిగింది. షెమీనా అని పేరు చెప్పింది. ఇరవై ఎనిమిది, ముప్పై ఉంటాయి. తలకు చుట్టుకున్న గుడ్డ చెమటకు తడిసింది. సుగుణన్ ఆ పూట పనికి పోలేదు. కుర్చీలు వేశాడు, బొండాలు కొట్టించాడు, తనూ అక్కడే కూర్చున్నాడు.

షెమీనా చాలా అడిగింది. అమ్మకు నొప్పి ఉందా, కొంచెమా, ఎక్కువా, భరించలేనంతా? దిగులు ఉందా? రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళారు? వాన్ రాకముందు ఎన్నిసార్లు? వీటికి నేను సంతోషంగా చెప్పాను. వాన్ మా ప్రాణం నిలబెట్టిందన్నాను. అది అబద్ధం కాదు. తర్వాత గడుల కాగితాలు తీసుకుంది. ఒక్కొక్కటి కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. చెరిపిన చోట కాగితం నూగు లేచి ఉంది.

"చేచ్చీ, ముప్పై ఆరు ఇళ్ళు అయ్యాయి నాకు. ముప్పై ఆరింటిలో ముప్పై ఆరూ రెండు గంటలే. ఒక్క గడి ఎక్కువ లేదు, తక్కువ లేదు. మనుషులుండే ఇళ్ళలో అలా ఉండదు." నా వైపే చూస్తోంది. "ఇక్కడ ముందు ఎంత ఉంది?"

"తప్పు రాసింది మేడం, దిద్దుకుంది," అన్నాడు సుగుణన్. "ముసలితనంలో చదువు నేర్చుకుంది కదా, గడులు సరిగ్గా తెలియలేదు."

"ఎక్కువ రాస్తే వాన్ తీసేస్తారా?" అని అడిగాను. నా గొంతు నాకే వినిపించలేదు. రెండోసారి అడిగాను.

ఆ పిల్ల వెంటనే లేదనలేదు. అందుకే ఆమెను నమ్మాను. "నాకు తెలియదు చేచ్చీ. నిర్ణయం నాది కాదు. మేము రెండు లెక్కలు వేస్తాం. ఒకటి ప్రభుత్వం పెట్టే ఖర్చు. రెండోది మీ చాకిరీ కూడా కలిపి. పైవాళ్ళు మామూలుగా మొదటిదే చదువుతారు."

"మరి రెండోది ఎందుకు వేయడం?"

"ఎవరైనా చదువుతారేమో అని." కాస్త సిగ్గుపడినట్టు తల దించుకుంది. "మీరు రెండు గంటలు రాస్తే మాత్రం, చదివే వాళ్ళకు కూడా ఈ ఇంట్లో మనిషి సాయం అక్కర్లేదనే తెలుస్తుంది."

అప్పుడే లోపలి నుంచి సిస్టర్ గొంతు వినిపించింది. అత్తను ఒత్తిగిల్లిస్తోంది. "చేచ్చీ, ఒకసారి రండి. తుంటి మీద ఇదేంటి?"

వెళ్ళాను. వెనకే సుగుణన్. దెబ్బ పసుపుపచ్చగా, అంచుల్లో నల్లగా, అరచేయంత ఉంది.

"మంచం కోడు తగిలింది," అంది అత్త.

"ఎలా తగిలింది అమ్మచ్చీ? మీరు కదలరు కదా."

"తగిలింది. నేనే జరిగాను." ఆమె కుడి చేయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. గట్టిగా, తాడు పేనేటప్పుడు పీచు పట్టుకున్నట్టు. చెప్పకు అంటోంది. ఒక్క మాట ఊరుకుంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. వాన్ వెళ్ళిపోతుంది, సుగుణన్ బొండాలు ఎత్తేస్తాడు, పన్నెండింటికి నేను మళ్ళీ ఈమెను తిప్పుతాను. రేపు పొద్దున బకెట్ ఎత్తుతాను. అది మెట్టు దాకా వస్తుంది, లేదా రాదు. వచ్చిన రోజే కదా నేను ఈమెను పడేసింది.

నేల మీద ఈసారి తల ముందు తగిలితే?

"నేనే పడేశాను సిస్టర్," అన్నాను. "గురువారం. ఎడమ చేయి పట్టు తప్పింది. ముప్పావు గంట ఇద్దరం కిందే ఉన్నాం."

"అబద్ధం," అంది అత్త. ఏడుస్తోంది. "అబద్ధం చెబుతోంది. నేనే జారాను."

సుగుణన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "పడేశావా? పడేసి మాతో చెప్పలేదా? ఇన్నాళ్ళూ నీ మీద..."

"మీరు ఆగండి," అంది సిస్టర్. నెమ్మదిగానే అంది, కానీ అతను ఆగాడు. ఆమె నా ముందుకు వచ్చి నిలబడింది. "చేచ్చీ, రెండు చేతులూ ముందుకు చాపండి. అరచేతులు పైకి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. మూసే ఉంచండి."

చాపాను. మూసుకున్నాను. రెండు చేతులూ సమానంగా, తిన్నగా ఉన్నట్టే నాకు తెలుస్తోంది. అమ్మయ్య, ఇవాళ బాగుంది అనుకున్నాను కూడా. సిస్టర్ కళ్ళు తెరవమంది. తెరిస్తే ఎడమ చేయి నడుము దగ్గర ఉంది. అరచేయి లోపలికి తిరిగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, నేను దించలేదు. మరెవరి చేయో నా భుజానికి తగిలించినట్టు అక్కడ వేలాడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

"ప్రతి వారం బాగున్నానన్నారే."

"మీరు అత్త కోసం వస్తారు కదా."

నోరు తిన్నగా ఉందా వంకర పోయిందా అని సిస్టర్ నన్ను నవ్వించి చూసింది, నడిపించి చూసింది, బీపీ చూసి పట్టీ విప్పకుండానే మళ్ళీ చూసింది. "ఈరోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి చేచ్చీ. రేపు కాదు, ఈ వాన్‌లోనే. తలకు స్కాన్ తీయాలి. అమ్మచ్చికి వచ్చింది మీకు రాకుండా చూడాలి."

"ఇప్పుడా?" అన్నాడు సుగుణన్. "మరి అమ్మను ఎవరు చూస్తారు?"

నాకు ఏమైందని అడుగుతాడని అనుకోలేదు. అయినా ఆ మాట విన్నాక ఇన్నేళ్ళ భయంలో ఏదో ఒక ముడి సడలింది. అతను అడిగింది సరైన ప్రశ్నే. ఆ ఇంట్లో ఆ ప్రశ్న మొదటిసారి ఎవరో పైకి అడిగారు. షెమీనా గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమె చేతిలోని గడుల కాగితం తీసుకుని, గురువారం పదకొండు గంటల దగ్గర ఆ మూడు గడులను సిస్టర్ పెన్నుతో నింపాను. పెన్సిల్‌తో కాదు. మిగతావి దారిలో నింపి ఇస్తానన్నాను.

సిస్టర్ సంచీలోంచి కొత్త ఫారం తీసింది. వాన్ ఎక్కించాలంటే ముందు పేరు నమోదు చేయాలంది, చెప్పండి రాసుకుంటానంది. నేనే రాస్తానన్నాను. అత్త నా కుచ్చెళ్ళు ఇంకా వదల్లేదు. అందుకని మంచం మీదే కూర్చున్నాను, ఆమె తలను ఆనుకుని. ఫారం ఒళ్ళో పెట్టుకున్నాను. 'రోగి పేరు' అని ఉంది. పంకజాక్షి అని రాశాను. వయసు యాభై తొమ్మిది. మూడో గీత మీద 'ఇంట్లో రోగిని చూసుకునేవారి పేరు' అని ఉంది. అత్త ఫారంలో రెండేళ్ళుగా ఆ గీత మీద ఉన్నది నా పేరే. సుగుణన్ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

ఆ గీత చూపించి, పెన్ను అతని వైపు చాపాను. అతను అందుకునేదాకా చేయి దించకూడదనుకున్నాను.